వాక్యమునకు బీజగణితము

సూరత్ నగరమునకు ఉత్తరమున, తపతీనదికి ఆవలి వైపున, ముంబాయి నుండి అహమ్మదాబాదు పోవు రైలుమార్గము మీద కోసాడ్ అను చిన్న స్టేషను ఉన్నది. ఒకప్పుడది వేరు గ్రామము. నేడు నగరములో కలసిపోయినది. మరమగ్గముల పనికై తెలంగాణ జిల్లాల నుండి తరలివచ్చిన పద్మశాలి కుటుంబములకు సూరత్ రెండవ పుట్టినిల్లు వంటిది. ఆ నగరపాలక ప్రాథమిక పాఠశాలలలో గుజరాతీ, మరాఠీ, ఒడియా మాధ్యమములతో పాటు తెలుగు మాధ్యమము కూడ ఉన్నదను సంగతి మన రచయితలలో ఎందరికి తెలియునో నేనెరుగను. కోసాడ్‌లో ఒక నేతగాని ఇంట కూర్చుండగా ఒక వాక్యము నా చెవిని బడినది. ఊరి నుండి వచ్చిన కబురును అతడు భార్యకు చెప్పుచున్నాడు: "పిల్లలు ఎల్లిండ్రని అన్న చెప్పిండని అమ్మ అన్నది."

మూడు నోళ్ళ మీదుగా వచ్చిన వార్త అది. ఎవరు బయలుదేరినారు, ఎవరు చెప్పినారు, ఎవరు విన్నారు అను మూడు విషయములును ఆ ఒక్క వాక్యములో చెక్కుచెదరక నిలిచినవి. వలసపోయిన వారికి ఇది చిన్న సంగతి కాదు. కబురు ఎవరి నోట పుట్టినదో తెలియనిచో దానిని ఎంతవరకు నమ్మవలెనో తెలియదు.

ఇవే మాటలను మరొక వరుసలో కూర్చి చూడుడు: "అమ్మ అన్న పిల్లలు ఎల్లిండ్రని చెప్పిండని అన్నది." వ్యాకరణము దీనిని నిషేధింపదు. పదములు అవే, సంఖ్య అదే, అర్థమును అదే. అయినను ఏ నేతగాడును, ఏ కవియును ఇట్లు మాటలాడడు. (పైగా 'అమ్మ అన్న పిల్లలు' అనగానే, అమ్మ ఎవరిని గూర్చియో అన్నదను వేరొక అర్థము మధ్యలో దూరి నవ్వు పుట్టించును.) మొదటి వాక్యము తేలికగాను, రెండవది బరువుగాను ఉండుటకు కారణమేమి? చిన్నయసూరి బాలవ్యాకరణములో సంధికి, సమాసమునకు, తద్ధితమునకు పరిచ్ఛేదములు కలవు గాని వాక్యమునకు ప్రత్యేక పరిచ్ఛేదము లేదు. ఈ ప్రశ్నకు సమాధానము అనుకొనని చోట, బీజగణితములో దొరకినది.

బీజగణితమనగానే సాహిత్యప్రియులు బెదరవలసిన పని లేదు. ఛందస్సు నేర్చిన వారందరును దానిని ఇదివరకే వాడుచున్నారు. 'లేక' అను భావమునకు కూడిక గుర్తును, 'తరువాత' అను భావమునకు గుణకారమును వాడుదము. సూర్యగణములు రెండు: సూ = న + హ. ఇంద్రగణములు ఆరు: ఇం = నల + నగ + సల + భ + ర + త. తేటగీతి పాదము సూ·ఇం·ఇం·సూ·సూ. బడిలో నేర్చిన పద్ధతిని కుండలీకరణములను విప్పుకొనుచు పోయినచో ఆ పాదమునకు గల రూపములన్నియు ఒక్కొక్కటిగా బయటపడును. మనవారు ప్రస్తారమనునది ఈ విప్పుటయే. ఒక్కొక్క గణము స్థానములో 1 వేసినచో లెక్క మాత్రము మిగులును: 2×6×6×2×2, అనగా 288. ఆటవెలది బేసి పాదము మూడు సూర్యగణములు, రెండు ఇంద్రగణములు కనుక దానికిని 288. సరి పాదము ఐదును సూర్యగణములే కనుక 32. ఆరు ఇంద్రగణములు, రెండు సూర్యగణములు గల సీస పాదమునకు 1,86,624.

బడిలోని బీజగణితమునకు దీనికి భేదమొక్కటే. అక్కడ కగ, గక రెండును ఒకటే, ఇక్కడ కావు. 'రాముడు వచ్చి సీత వెళ్ళినది', 'సీత వచ్చి రాముడు వెళ్ళినాడు' అను వాక్యములు ఒకటి కానట్లే.

'ఎన్నిమారులైనను' అను భావమునకు మరియొక గుర్తు కావలెను. అమెరికా గణితవేత్త స్టీఫెన్ క్లీనీ 1956లో ప్రచురించిన వ్యాసములో దీనికి నక్షత్రమును వాడినాడు. క★ అనగా ఏమియు లేకుండుట, లేక క, లేక కక, లేక కకక, ఇట్లు అంతులేకుండ. లఘువులు, గురువులు ఎట్లయినను కూర్చిన వరుసలన్నియు (ల + గు)★ అగును. లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు మాత్రలు అని లెక్క వేసినచో ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు మాత్రలకు వరుసగా 1, 2, 3, 5, 8 రూపములు వచ్చును. నాలుగు మాత్రలకు వచ్చు ఐదు రూపములు ఏవి? గగ, భ, జ, స, నల. కందపద్యమునకు మన లాక్షణికులు చెప్పిన గణములు సరిగా ఇవే! ఈ సంఖ్యలను పాశ్చాత్యులు 1202లో గ్రంథము వ్రాసిన ఫిబొనాచ్చి పేర పిలుతురు. అంతకు ముందే, పన్నెండవ శతాబ్దిలో, ఈ గుజరాతు దేశముననే ఉండిన హేమచంద్రుడు మాత్రావృత్తముల లెక్కలో వీనిని చెప్పియున్నాడు; అతనికి పూర్వుడైన విరహాంకుడును ఎరుగును.

ఇక నేతగాని వాక్యమునకు వత్తము. అందలి కూర్పును ఒక సమీకరణముగా వ్రాయవచ్చును:

వ = ఆ + వ·త

వాక్యమనగా ఒక ఆది వాక్యము (ఆ), లేక ఒక వాక్యమునకు 'అని ఫలానివారు చెప్పినారు' అను తోక (త) తగిలించినది. కుడివైపున ఉన్న 'వ' స్థానములో మరల అదే సమీకరణమును ఉంచినచో ఆ + ఆత + ఆతత + ... అని సాగును. అనగా వ = ఆ·త★. సమీకరణము తన్ను తాను చెప్పుకొనుచున్నట్లు కనబడినను, తుదకు దానికి నక్షత్రమే చాలినది. వినువాడు ఒక్కొక్క తోకను అప్పటికప్పుడు పూర్తిచేసికొని ముందునకు పోవును. 'అన్న చెప్పిండు' అనుచోట కర్తయు క్రియయు పక్కపక్కనే ఉన్నవి; దేనిని మనస్సులో మోయవలసిన పని లేదు. 'వచ్చి, కాళ్ళు కడుగుకొని, కూర్చుండి, తిని' అను క్త్వార్థకముల వరుస ఈ జాతిదే. 'మా మేనమామ బావమరిది కొడుకు అత్తవారి ఊరు' అను షష్ఠీ వరుసయు అట్టిదే. ఎంత పొడుగైనను బరువు పెరగదు.

రెండవ వాక్యము సమీకరణము వేరు:

వ = ఆ + క·వ·త

ముందు ఒక కర్త (క), నడుమ వాక్యము, చివర ఆ కర్తకు తగిన క్రియ (త). విప్పినచో ఆ + కఆత + కకఆతత + ... వచ్చును. ఎన్ని 'క'లు తెరచితిమో అన్ని 'త'లతో మూయవలెను. క★ ఆ త★ అని వ్రాసినచో లెక్క తప్పును. అందులో రెండు కర్తలు, ఐదు క్రియలు గల అపవాక్యములు కూడ చేరును. మరియొక చిక్కు కలదు. కర్తలు అమ్మ, అన్న, పిల్లలు అను వరుసలో ఉన్నవి: స్త్రీ, పురుష, బహువచనములు. క్రియలు ఎల్లిండ్రు, చెప్పిండు, అన్నది: బహువచన, పురుష, స్త్రీలు. అద్దములో చూచినట్లు తిరుగు వరుస. మన 'వికటకవి' అను బిరుదు ఎటు చదివినను ఒకటే అయినట్లు, ఇందలి లింగవచనములు నడుమ నుండి ఇరువైపులకు సరిపోవును.

ఈ అద్దపు వరుస నేతగానికి క్రొత్త కాదు. జకార్డు మగ్గములో ఒక్కొక్క పేకపోగునకు ఒక్కొక్క అట్ట. ఏ పడుగుపోగులు లేవవలెనో ఆ అట్ట మీది రంధ్రములు చెప్పును. అట్టలను దారముతో గొలుసుగా కుట్టి మాలవలె కలిపినచో పూవు మరల మరల వచ్చుచునే యుండును. అది నక్షత్రము. నేడు అనేక మగ్గములలో అట్టల పని విద్యుత్పరికరములే చేయుచున్నను సూత్రము మారలేదు. కాని పూవు సగము వరకు పెరిగి, తరువాతి సగము మొదటి దానికి ప్రతిబింబముగా దిగవలెనన్నచో, ఆ అట్టలనే వెనుకకు త్రిప్పవలెను. దీనికి సులభోపాయము ఒక దొంతర. వచ్చిన అట్టను వచ్చినట్లు ఒకదానిపై ఒకటి పేర్చి, పిదప పై నుండి తీయుచు పోయినచో తిరుగు వరుస దానంతట అదే లభించును. చివర పెట్టినది మొదట వచ్చును. రెండవ వాక్యమును వినువాని మనస్సు చేయవలసిన పనియు ఇదే: అమ్మను పెట్టి, అన్నను పెట్టి, పిల్లలను పెట్టి, క్రియ వచ్చినపుడెల్ల పైనున్న దానిని తీయవలెను. ఒక దొంతరతో నిర్వహింపదగిన భాషలకు శాస్త్రజ్ఞులు సందర్భ నిరపేక్షములని పేరు పెట్టినారు. ఒక పదబంధమును విస్తరించునపుడు దాని ఇరుగు పొరుగులను చూడ నక్కరలేదని ఆ పేరునకు అర్థము. నోమ్ చామ్‌స్కీ 1956లో ఈ వర్గీకరణకు పునాది వేసినాడు.

అయితే దీనిని నిజముగా బీజగణితము చేసినది 1963లో చామ్‌స్కీ, ఫ్రెంచి గణితవేత్త మార్సెల్ పాల్ షుట్జెన్‌బెర్జే కలసి వ్రాసిన వ్యాసము. వ్యాకరణమును సమీకరణముగా వ్రాసి, దానిని విప్పి, ప్రతి పదము ముందు వచ్చు గుణకమును వారు పరిశీలించినారు. ఆ గుణకము ఆ వాక్యమునకు ఎన్ని అన్వయములు కలవో చెప్పును. గుణకము 1 అయినచో అన్వయము ఒక్కటే. 2 అయినచో సందిగ్ధము. కవి చేతిలో అదియే శ్లేషకు ముడిసరుకు.

దీనికి మన సమాసములే చక్కని ఉదాహరణ. సమాసమనగా ఒక పదము, లేక రెండు సమాసముల కలయిక: స = ప + స·స. 'కొత్త పుస్తకాల అంగడి' అన్నపుడు కొత్తవి పుస్తకములా, అంగడియా? రెండు అన్వయములు. నాలుగు పదములైనచో ఐదు. 'పాత తెలుగు పుస్తకాల అంగడి' అను మాటను తీసికొనుడు. పాతవైన తెలుగు పుస్తకముల అంగడి. పాత తెలుగులో ఉన్న పుస్తకముల అంగడి. తెలుగు పుస్తకములమ్మెడి పాత అంగడి. తెలుగువారు నడుపు పుస్తకముల అంగడి, అది పాతది. పాత తెలుగు వాడుక గల పుస్తకముల అంగడి. చివరి దానికి కొంత బలవంతము కావలెను గాని, కూర్పు మాత్రము వేరే. లెక్క కావలసిన వారు పై సమీకరణమును వర్గ సమీకరణముగా సాధింపవచ్చును. స విలువ (1 − √(1 − 4ప)) లో సగము. ఆ వర్గమూలమును శ్రేణిగా విప్పినచో ప + ప² + 2ప³ + 5ప⁴ + 14ప⁵ + ... వచ్చును. ఐదు పదముల సమాసమునకు 14 అన్వయములు! పాఠశాలలో వర్గ సమీకరణముతో కుస్తీపట్టిన ఏ విద్యార్థియైనను అది సమాసములను లెక్కించుచున్నదని ఊహించియుండునా? (పింగళి సూరన రాఘవపాండవీయములోని రెండర్థములు ఈ దారిని మాత్రమే వచ్చినవి కావు. అక్కడ సంధిని విడదీయుటలోను, పదముల నానార్థములలోను కవి పని చేసినాడు. ఆ లెక్కకు వేరు సమీకరణము కావలెను.)

నక్షత్రమునకు లొంగని ఆ రెండవ సమీకరణమును మామూలు గుణకారముతో పట్టుకొనుటకు ఒక చమత్కారమైన మార్గము కలదు. దొంతర మీద పెట్టుటకు 'పె', తీయుటకు 'తీ' అను గుర్తులు ఉంచుదము. 0 అను ముద్ర గల అట్ట అడుగున ఉండును. 1 అను ముద్ర గలవి దానిపై పేర్చబడును. పెట్టిన దానినే తీసినచో ఏమియు జరగనట్లే: పె0·తీ0 = 1, పె1·తీ1 = 1. ఒకటి పెట్టి మరియొకటి తీయబోయినచో అసంభవము: పె0·తీ1 = 0, పె1·తీ0 = 0. ఈ గుర్తులు మాటలను దాటి అటునిటు జరుగవచ్చును. ఇక ఇట్లు వ్రాయుడు:

పె0 (క·పె1)★ ఆ (తీ1·త)★ తీ0

రెండు 'క'లు, రెండు 'త'లు ఎంచుకొన్నచో గుర్తులు పె0 పె1 పె1 తీ1 తీ1 తీ0 అగును. నడుమ నుండి జంటలు కొట్టివేయుచు పోయినచో 1 మిగులును, వాక్యము నిలిచినది. మూడు 'క'లు, రెండు 'త'లు అయినచో తుదకు పె0 పె1 తీ0 మిగిలి, పె1·తీ0 సున్న కనుక మొత్తము సున్న యగును. అపవాక్యము తనంతట తానే చెరిగిపోయినది. ఎవరును దానిని నిషేధింపలేదు, గుణకారమే ఏరివేసినది. ఎంతటి చిక్కు వ్యాకరణమైనను ఇట్టి రెండు రకముల జంటలతో వ్రాయవచ్చును. జర్మను గణితవేత్త వాల్టర్ ఫాన్ డిక్ పేర పిలువబడు కుండలీకరణ భాషయే సందర్భ నిరపేక్ష భాషలన్నిటికిని మాతృక అని 1963 నాటి వ్యాసము చెప్పిన సిద్ధాంతము, ఈ రూపములో శుద్ధ బీజగణితమైనది. మార్క్ హాప్‌కిన్స్ 2008లోను, పిదప హాన్స్ లైస్‌తో కలసియు ఈ మార్గమును విస్తరించినాడు. 2013లో గ్రాట్‌వోల్, హెంగ్లైన్, కోజెన్ అనువారు ఈ సమీకరణముల సత్యములన్నిటికి మూలసూత్రములు ఇచ్చినారు. కాని వానిలో అనంతమైన దానిని ఒప్పుకొనక తప్పలేదు. కారణము 1961లోనే బార్-హిలెల్, పెర్లెస్, షామీర్ చూపినారు. రెండు సందర్భ నిరపేక్ష వ్యాకరణములు ఒకే భాషను పుట్టించునో లేదో అన్ని సందర్భములందును తేల్చగల యాంత్రిక పద్ధతి ఉండజాలదు. నక్షత్ర వ్యాకరణములకైతే అట్టి పద్ధతి కలదు.

రచయితలు దీనిని పట్టించుకొనవలసిన చోటు ఒకటి కలదు. 1960లో విక్టర్ ఇంగ్వే అను అమెరికా పండితుడు వాక్యపు బరువును లెక్కించు పద్ధతి నొకటి ప్రతిపాదించినాడు. అతని లెక్కలో, ఎడమ వైపునకు కొమ్మలు వేయు వాక్యము జ్ఞాపకశక్తికి భారము. కుడివైపునకు పెరుగునది తేలిక. ఆంగ్లము ఎక్కువగా కుడికి పెరుగును. తెలుగు, జపాను, తురుష్క భాషలు ఎడమకు పెరుగును. ఆ లెక్క నిజమైనచో మన నేతగాని వాక్యము ప్రతి 'అని'కి బరువెక్కుచు పోవలెను. పోవుట లేదు. పై నుండి క్రిందికి వాక్యమును కట్టు యంత్రమునకు ఎడమకొమ్మ భారమే కావచ్చును. విన్నది విన్నట్లు ముడివేసికొనుచు పోవు చెవికి కాదు. ఆ·త★ అను ఫలితములో దొంతర లేదు. బరువు వచ్చునది ఎడమ కుడుల వలన కాదు, నడుమ దూర్చుట వలన. అది ఆంగ్లమునకును బరువే.

ఒకప్పుడు ఒక పత్రిక వారు నా వ్యాసములోని దీర్ఘవాక్యములన్నిటిని ముక్కలు చేసి ప్రచురించినారు. పదముల సంఖ్యకు పరిమితి పెట్టుకొన్నారట. వారు విరిచిన వానిలో సగము క్త్వార్థకముల వరుసలు. వానిని చదువుటలో ఎవరికిని శ్రమ లేదు. విరిచిన పిదప 'అతడు', 'అతడు', 'అతడు' అని ప్రతి ముక్కకు ఒక కర్త వచ్చి చేరినాడు. వారు చేయి పెట్టక విడిచిన పొట్టి వాక్యము ఒకటి మాత్రము, పదకొండు పదములలో మూడు కర్తలను క్రియలు లేక వ్రేలాడదీసినది, నిజముగా సవరింపవలసినది. అది నా తప్పే. ఆంగ్లము నుండి అనువదించువారికి ఈ ప్రమాదము మరింత ఎక్కువ. కర్తను ముందుంచు అలవాటు చొప్పున 'అమ్మ' అని మొదలుపెట్టి, క్రియను పుట చివరకు నెట్టుదురు. కర్తను దాని క్రియ దగ్గరకు చేర్చినచో చాలును: క·వ·త కూర్పు ఆ·త★ అగును. తెలుగులో పదక్రమమునకు గల స్వేచ్ఛ ఈ మార్పును అర్థభంగము లేక చేయనిచ్చును.

దొంతరకు లొంగనివి కూడ భాషలో కలవు. స్టూవర్ట్ షీబర్ స్విట్జర్లండు జర్మనుభాష వాక్యములను, క్రిస్టఫర్ క్యూలీ ఆఫ్రికాలోని బంబారా భాష పదములను చూపి, ఇవి సందర్భ నిరపేక్షములు కావని 1985లో నిరూపించినారు. బంబారాలో చిక్కు తెచ్చినది ద్విరుక్తి. మాట ఎంత పొడవైనను, దానిని తిప్పకుండ, ఉన్న వరుసలోనే మరల చెప్పవలెను. ప్రతిబింబము సులభము, అనుకరణము కష్టము! దొంతరలో పెట్టినది తిరగబడి వచ్చును గనుక, మొదట పెట్టినది మొదట కావలెనన్నచో అడుగు వరకు దింపవలెను. కథలలోను ఈ భేదము కనబడును. పంచతంత్రమువలె కథలో కథ చెప్పునపుడు చివర తెరచిన కథ మొదట ముగియును. అది చక్కని దొంతర. సూరన కళాపూర్ణోదయములో అట్లు కాదు. లోపలి కథలోని పాత్రలు బయటి కథలోనికి నడచివత్తురు. లోపలి దానిని విస్తరించుటకు బయటి సందర్భము కావలెను.

తెలుగులో ఈ అనుకరణము ఇంటింటను వినబడును. పుస్తకం గిస్తకం, ఇల్లు గిల్లు, పాలు గీలు. మొదటి అక్షరము పోయి గి గాని, దీర్ఘమైనచో గీ గాని చేరి, తక్కిన మాట ఉన్నదున్నట్లు మరల వచ్చును. వాడుకలో మాటలు పొట్టివి కనుక చిక్కు లేదు. సమాసములను ఎంత పొడుగైనను ఇట్లు పలుకవచ్చునని ఒప్పుకొన్నచో దొంతర చాలదు. సిరిసిల్లలో మరమగ్గమును సాంచా అందురు. కోసాడ్‌లో ఆ సాయంకాలము, పని గంటల మాట వచ్చినపుడు, నేతగాని ఏడేండ్ల కుమార్తె పలక మీద నుండి తల యెత్తక, "సాంచా గీంచా బంద్ చేసి రా" అని తండ్రితో అన్నది.